సున్నా ఎక్కడ పెట్టాలి

బహుళ అష్టమి
గండ్లు: 1. పీత ఛార్జి: 74.

గట్టు పుస్తకంలో రోజుకి రెండే గళ్ళు. గండ్లు ఎన్ని, పీత ఛార్జి ఎంత. మా అన్నయ్య నాంచారయ్య పదకొండేళ్ళ పాటు ఆ రెండూ నింపి పుస్తకం మూసేసేవాడు. నేనలా మూయలేను. నాకు నోరెక్కువ. ఇంట్లో వినేవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ తిరిగి మాట్లాడలేడు. అందుకని కింద ఖాళీగా ఉన్న చోటంతా రాస్తున్నాను. గట్టు ఆఫీసువాళ్ళు చూసి తిడితే తిట్టనీ.

నిన్న మా వాటాలో గండి పడింది. మాది నలభై మూడో వాటా, ఇరవై బారల గట్టు. అవతల సముద్రం, ఇవతల పన్నెండు ఇళ్ళ మంచినీళ్ళ గుంట. రెండు నిలువుల లోతులో పిడికిలి దూరేంత బెజ్జం. నేను కంట్రోలర్ పట్టుకుని మా పీతని వెనక్కి నడిపించి, దాని వీపు బెజ్జానికి ఆనించి నిలబెట్టాను. ఎనిమిది కాళ్ళ మర అది, కాళ్ళు బురదలో దిగేస్తే ఏనుగు లాగినా కదలదు. నీళ్ళు ఆగాయి. మేస్త్రి సామ్రాజ్యం గారి పడవ వచ్చి మూడు మట్టి సంచులు పీత పక్కనే దించి పోయింది. ఇక పీతని ఒక్క అడుగు పక్కకి జరిపి, దాని చేతులతో సంచులు బెజ్జంలో కుక్కేస్తే అయిపోతుంది. అరగంట పని.

ముందు నాలుగు మెతుకులు తిందామనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి టీవీ అడుగుతోంది: "మీ కంట్రోలర్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. పెట్టుకోమంటారా?" మంచం మీద అన్నయ్య ఎడం చెయ్యి ఊపుతూ "సున్నా! సున్నా!" అని అరిచాడు.

"ఉండన్నయ్యా, మజ్జిగ కలిపి తెస్తా" అని నేను 'అవును' నొక్కాను.

కంట్రోలర్ ఆరింది, మళ్ళీ వెలిగింది. వెలిగాక దానికి మా ఇంటి వైఫై గుర్తులేదు.

అప్పటి నుంచి ఈ సాయంత్రం దాకా దాని నెత్తిమీద నారింజ రంగు దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. టీవీకి వైఫై ఉంది కాబట్టి పీత కెమెరాలో చూస్తున్నదంతా కనిపిస్తుంది. పీత అక్కడే ఉంది. సంచులు మూరెడు దూరంలో ఉన్నాయి. చూడొచ్చు, కదపలేను.

బహుళ నవమి
గండ్లు: 1. ఛార్జి: 65.

పొద్దున్నే ఫోన్‌లో గట్టు సాయానికి కొట్టాను. అది మనిషి కాదు, ఎంతో మర్యాదైన ఒక గొంతు.

"కంట్రోలర్ ఆపి వెలిగించండి" అంది. ఆపి వెలిగించాను. "మధ్య బొత్తాం పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టండి" అంది. పట్టాను. "రౌటర్‌ని ఫ్రిజ్జుకి దూరంగా జరపండి" అంది. మాకు ఫ్రిజ్జు లేదన్నాను. "ధన్యవాదాలు. రౌటర్‌ని ఫ్రిజ్జుకి దూరంగా జరిపారా?" అంది. ఫోన్ విసిరికొట్టబోయి, ఇంకొకటి లేదని గుర్తొచ్చి ఆగాను.

వైర్‌తో టీవీకి తగిలిస్తే కంట్రోలర్ తెర మీద అక్షరాలు కొట్టనిస్తుంది, అంతే. పీతని కదిపే మాట మాత్రం గాల్లోంచి, వైఫైలోంచే వెళ్ళాలి. అసలివి పిల్లలు ఇళ్ళల్లో ఆటలాడుకోవడానికి చేసినవి. ఆటల కంపెనీ మూతపడితే, మిగిలిపోయిన పెట్టెలన్నీ గట్టు ఆఫీసు తెచ్చి పీతలకి అంటగట్టింది. అందుకే వైఫై దొరికినప్పుడల్లా "ఆటగాడు ఒకటి, స్వాగతం!" అంటుంది. నాకు యాభై రెండేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ మాట విన్న అన్నయ్యకి అరవై ఒకటి.

సాయంత్రం పిలుపు వచ్చింది. పొద్దు వాలగానే సామ్రాజ్యం గారు ఫోన్‌లో వరసగా ఒక్కో వాటానీ పిలిచి గండ్లెన్నో అడుగుతారు. "నలభై రెండు?" "సున్నా." "నలభై మూడు?"

"ఒకటి" అన్నాను.

"ఇంకా పట్టలేదా?" అన్నారు. పిలుపు అయిపోయాక విడిగా మళ్ళీ చేశారు. "ఏవే భ్రమరా, సంగతి తెలుసుగా. ఛార్జి పదికి దిగిందా, అది కాళ్ళు ముడుచుకుని పైకి తేలుద్ది. అమావాస్య పోటు పొద్దున తొమ్మిదింటికి. ఆ పోటుకి బెజ్జం తెరుచుకుందంటే గట్టే జారుద్ది. అప్పుడు మిగతా వాటాలు మునక్కుండా నేను లోపలి తలుపు దించెయ్యక తప్పదు. మీ పన్నెండు ఇళ్ళూ మెరకకి పోవాల."

"పక్క వాటా పీతని పంపించరాదా, అక్కా?"

"ఏ పీతా దాని హద్దు దాటదు. వాటాల కాడ తన్నుకుంటన్నారని అట్టా చేయించింది మనమే కదంటే."

మెరక మీదున్న శిబిరం నేను చూశాను. నడవగలిగినవాళ్ళకి గదులున్నాయి. మంచం పట్టినవాళ్ళకి వేరే హాలుంది, వరసగా అరవై మంచాలు, సొంతవాళ్ళు వారానికోసారి చూసి రావచ్చు. అన్నయ్యని ఆ హాల్లో పడుకోబెట్టి వెనక్కి తిరిగి నడవడం నావల్ల కాదు. ఇదంతా నేను 'అవును' నొక్కినందుకు.

బహుళ దశమి
గండ్లు: 1. ఛార్జి: 56.

గట్టు ఆఫీసు నుంచి ఫిరోజా వచ్చింది. బందరు పిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి. మెళ్ళో మీటర్, చేతిలో చిన్న పెట్టె. చెప్పులు విప్పి ముందు అన్నయ్యని పలకరించింది.

"బావున్నారా బాబాయ్?"

"సున్నా" అన్నాడు అన్నయ్య.

ఆ పిల్ల నా వంక చూసింది. చెప్పాను. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది, కుడి పక్కంతా పోయింది, మాటా పోయింది. ఒక్క మాట మిగిలింది. పదకొండేళ్ళు ప్రతి సాయంత్రం పిలుపులో చెప్పిన మాట కాబట్టి అది లోపల ఎక్కడో లోతుగా దిగబడిపోయిందని డాక్టర్ అన్నాడు. ఆకలైనా సున్నా, దోమ కుట్టినా సున్నా. గొంతుని బట్టి నేను అర్థం చేసుకుంటాను. చాలాసార్లు తప్పే అర్థం చేసుకుంటాను.

ఫిరోజా తన ఫోన్‌లో వైఫై పుట్టించి కంట్రోలర్‌కి చూపించింది. "ఆటగాడు ఒకటి, స్వాగతం!" అంది ఆ దరిద్రపుది, మూడు రోజుల తర్వాత నోరు విప్పి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"కంట్రోలర్ బానే ఉంది పిన్నిగారూ. కానీ పీత మాట వినాలంటే మీ ఇంటి వైఫైయే కావాలి. జబ్బు మీ రౌటర్ దగ్గర ఉన్నట్టుంది."

రౌటర్‌ని నేను స్టీలు నీళ్ళ డ్రమ్ము వెనకాల పెట్టాను, ఉప్పుగాలి తగలకూడదని. ఇనుము దాటి సిగ్నల్ రాదంది. తీసి కిటికీలో పెట్టాం. రౌటర్ రెండు రకాల తరంగాలు ఒకే పేరుతో పంపుతోందట. ఈ పాత కంట్రోలర్‌కి నెమ్మదైనదే వినపడుతుందట. వేగమైనదాన్ని వెనకున్న స్విచ్‌తో ఆపేసింది. మళ్ళీ కొట్టాం. తెర మీద అదే మాట: "కలవలేదు. మళ్ళీ ప్రయత్నించండి."

"అయితే పాస్‌వర్డే తప్పు" అంది.

"తప్పెలా అవుతుందమ్మా? రౌటర్ వీపు మీద రాసి ఉందిగా."

తెల్ల టేపు మీద అన్నయ్య చేతి రాత. గండంగడిచింది. పదకొండేళ్ళ కిందట పెద్ద గండి పూడ్చిన రోజున ఈ వైఫై పెట్టుకున్నాం. ఆ రోజు అన్నయ్య బురద కాళ్ళతోనే కూర్చుని ఆ మాట పెట్టాడు. అప్పటి నుంచి మళ్ళీ కొట్టాల్సిన పని పడలేదు, కంట్రోలర్ దాన్ని మర్చిపోలేదు కాబట్టి.

ఒక్కో అక్షరం చదువుతూ కొట్టాను. గ, పక్కన సున్నా. డ, పక్కన సున్నా. మంచం మీంచి "సున్నా, సున్నా" అంటూనే ఉన్నాడు.

"పెట్టానన్నయ్యా! మూడు సున్నాలూ పెట్టాను, చూడు!"

కలవలేదు. పోనీ రౌటర్‌ని మొత్తం తుడిచేసి కొత్త పాస్‌వర్డ్ పెడదామన్నాను. ఫిరోజా నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అమ్మో, వద్దు పిన్నిగారూ! పీత కూడా ఈ వైఫై మీదే ఉంది. ఇల్లు కనబడకపోతే కాళ్ళు ముడుచుకుని పైకి తేలమని దానికి నేర్పారు. తుడిచిన నిమిషంలో బెజ్జం వదిలేస్తుంది."

నిన్న ఆ పిల్ల రాకముందే ఆ చేత్తో తుడిచేద్దామనుకున్నాను.

బహుళ ఏకాదశి
గండ్లు: 1. ఛార్జి: 47.

రోజుకి ఐదుసార్లు తప్పు కొడితే రౌటర్ తలుపేసుకుంటుంది. మర్నాడు ఆరింటికి గాని తీయదు. ఫిరోజా వెళ్తూ చెప్పింది, "ఆలోచించి కొట్టండి" అని.

ఆలోచించాను. రాత్రంతా నిద్ర లేకుండా అదే పని. అన్నయ్య గడిచింది అని రాస్తాడా, గడచింది అని రాస్తాడా? టేపు మీద గుడి ఉంది, కానీ కొట్టేటప్పుడు మర్చిపోయి ఉండొచ్చు. మధ్యలో ఖాళీ వదిలాడేమో. గండం అన్నచోట సున్నాకి బదులు మ్ పెట్టాడేమో. మా నాయనలాగా గడిసింది అన్నాడేమో. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఆరున్నరకల్లా ఐదూ అయిపోయాయి.

నాలుగోసారి కొడుతుంటే అన్నయ్య మంచం అంచుకి జరిగి నా చేతి మీద ఒక్కటిచ్చాడు. గట్టిగానే తగిలింది. "సున్నా!"

"నేనేం చేశానని కొడతావు?" అని అరిచాను. అరిచి బయటికొచ్చేశాను.

మా ఇల్లు స్తంభాల మీద ఉంది, చుట్టూ వసారా. ఆ వసారాకి ముప్ఫై ఒక్క అడుగులు. ఈ రోజు ఎన్ని చుట్లు తిరిగానో. కిటికీ అద్దాల మీద ఉప్పు గీకాను, గీకిన కిటికీనే మళ్ళీ గీకాను. చేపలు ఎండబెట్టాను. కాకి ఒకటి ఎత్తుకుపోతే దాని వెంట పడ్డాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని పక్కింటివాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. వాళ్ళ మంచినీళ్ళు కూడా ఆ బెజ్జం వెనకాలే ఉన్నాయని వాళ్ళకింకా పూర్తిగా తెలీదు.

బహుళ ద్వాదశి
గండ్లు: 1. ఛార్జి: 38.

ఐదు ప్రయత్నాలూ పోయాయి. అన్నయ్య పుట్టినరోజు, చనిపోయిన వదిన పేరు, మా మునిగిపోయిన ఊరి పేరు, నా పేరు కూడా కొట్టి చూశాను. నా పేరు పెట్టుకునేంత ప్రేమ ఉందనుకోవడం నా అమాయకత్వం.

టేపు మీద ఉన్నది పాత పాస్‌వర్డేమో, తర్వాత ఎప్పుడైనా మార్చాడేమో అని పాత గట్టు పుస్తకాలు దించాను. మొదటి ఏడాదివి నాలుగున్నాయి. అప్పట్లో కంట్రోలర్‌తో టీవీ మీద రాసి, అచ్చు తీసి, చీటీ అతికించేవారు. అన్నయ్య చీటీలు చదవడం ఇదే మొదలు. ఎంత పొడిగా రాశాడో! ఫలానా చోట ఇన్ని సంచులు కుక్కాను, ఇంతే. వదిన పోయిన రోజు చీటీలో కూడా గండ్లెన్నో, ఛార్జి ఎంతో ఉంది, ఇంకేం లేదు. అచ్చు మాత్రం వికారంగా ఉంది. సున్నాలన్నీ లావుగా, పక్క అక్షరాన్ని తోసేస్తూ కూర్చున్నాయి. పాడు అచ్చుయంత్రం.

"నీ సున్నాలు కూడా నీలాగే బొద్దుగా ఉన్నాయన్నయ్యా" అని చూపించాను. ఏడిపిద్దామని.

అన్నయ్య చీటీ మీద వేలు పెట్టి పొడిచాడు. "సున్నా. సున్నా. సున్నా."

"అవునులే, ఆ రోజుల్లో నీకు రోజూ సున్నాలే. నాకొచ్చేసరికే ఒకటి పడింది" అని పుస్తకం మూశాను. పాస్‌వర్డ్ మార్చినట్టు ఎక్కడా లేదు.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. గంజి తాగమంటే నోరు తెరవలేదు.

బహుళ త్రయోదశి
గండ్లు: 1. ఛార్జి: 29.

సామ్రాజ్యం గారు పడవేసుకుని స్వయంగా వచ్చారు. డెబ్భై దగ్గరపడ్డా నిచ్చెనెక్కి పైకి వచ్చారు, ఒక్క చోట కూడా ఆగకుండా.

"మూటలు కట్టుకోమని పన్నెండు ఇళ్ళకీ చెప్పొచ్చానమ్మాయ్. నీకు చెప్పాలంటే నోరు రాటంలేదు."

"ఇంకా రెండు రోజులుందిగా అక్కా."

"ఉందిలే. కట్టుకుంటే పోయేదేముంది? పని జరిగితే మళ్ళీ విప్పుకోవచ్చు." అన్నయ్య పక్కన కూర్చుని ఆయన కాలు నిమిరారు. ఇద్దరూ ఒకే రోజున గట్టు పనిలో చేరినవాళ్ళు. "ఏం నాంచారయ్యా, ఆ మాయదారి రిమోట్లతో మొదట్లో ఎన్ని పాట్లు పడ్డాం! సగం అచ్చరాలే ఉండేయి కాదు. ఎవరో తెలుగు రానోళ్ళు చేసి పంపిచ్చారు. దొరికినదాన్తో ఎట్టాగో నెట్టుకొచ్చాం."

"సున్నా" అన్నాడు అన్నయ్య, ఆవిడ చెయ్యి పట్టుకుని. "సున్నా. సున్నా."

"అవునయ్యా, నీ వాటా ఎప్పుడూ సున్నాయే. నాకు తెలీదా?" అని కళ్ళు తుడుచుకుని దిగి వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళాక అన్నయ్య ఊరుకోలేదు. సున్నా, సున్నా అని అదే పనిగా, టీవీ వైపు చెయ్యి చూపిస్తూ, నా కొంగు లాగుతూ. నాకు పిచ్చెక్కింది. "చాలు! ఆపు! ఆ మాట ఇంకోసారి అన్నావంటే నేనే గట్టు మీంచి దూకుతాను!" అన్నాను.

ఆపేశాడు. ఎడం కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోతుంటే తుడుచుకోవడానికి కూడా ఆయన చెయ్యెత్తలేదు. నేనే తుడిచాను. తుడుస్తూ నేనూ ఏడ్చాను. ఆయనకి మిగిలిన ఒక్క మాటని కూడా అనొద్దన్నాను. ఇది రాయకుండా ఉండాల్సింది, కానీ రాస్తున్నాను.

బహుళ చతుర్దశి
గండ్లు: 1. ఛార్జి: 20.

మూటలు కట్టాను. గిన్నెలు, అన్నయ్య మందులు, దుప్పట్లు. మూడు నిమిషాలకోసారి టీవీ చూడటం, మళ్ళీ కట్టడం. సంచుల మీద చిన్న చేపలు ఆడుకుంటున్నాయి. పీత కాళ్ళ దగ్గర బురద కొంచెం జారింది, పోటు బలం పెరుగుతోంది కదా. పొద్దుటి ఐదు ప్రయత్నాలు ఎప్పటిలాగే పోయాయి. ఇప్పుడు ఏం కొట్టానో కూడా గుర్తులేదు, చేతికొచ్చింది కొట్టాను.

మెరక గురించి అన్నయ్యకి చెప్పాను. హాలు గురించీ చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా. గోడ వైపు తిరిగాడు. నిన్నటి నుంచి ఒక్కసారి కూడా సున్నా అనలేదు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు ఊపిరాడటం లేదు.

పిలుపులో "నలభై మూడు?" అన్నారు. "ఒకటి" అన్నాను. అవతల నుంచి నిట్టూర్పు వినిపించింది.

అమావాస్య
ఛార్జి: పొద్దున 11.

గండ్ల గడి చివర్లో రాస్తాను.

ఐదింటికే లేచాను. మిగిలింది గట్టు పుస్తకాలు కట్టడమే. మెరకలో వాటితో పనేముందని ఒకసారి అనిపించింది, అయినా వదల్లేక చాప మీద పేర్చాను. పై పుస్తకం జారి తెరుచుకుంది. మొదటి ఏడాది చీటీ. వంగి తీస్తూ చదివాను:

స0చులు 2 కుక్కాను. గ0డ్లు: 0

మూడు రోజుల కిందట ఇదే చీటీ చూసి నవ్వాను. ఇప్పుడు నవ్వు రాలేదు. గండ్లు అన్న మాటలో ఉన్న సున్నా, చివర్న లెక్కగా వేసిన సున్నా పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే లావు, ఒకే ఎత్తు. గోడ మీద గట్టు ఆఫీసు క్యాలెండర్‌లో కూడా గండ్లు అన్న మాట అచ్చేసి ఉంది. లేచి వెళ్ళి దాని ముందు నిలబడి చూశాను. అందులో సున్నా చిన్నగా, అక్షరం పక్కన ఒదిగి ఉంది.

సగం అచ్చరాలే ఉండేయి కాదన్నారు సామ్రాజ్యం గారు. ఆ పాత కీబోర్డులో అక్షరం పక్కన పెట్టే సున్నా లేదు. లేకపోతే ఏం చేస్తాడు? కింద అంకెల వరసలో ఇంకో సున్నా ఉంది. గుండ్రంగానే ఉంది. అదే తెచ్చి పెట్టుకున్నాడు. చేత్తో రాస్తే రెండూ ఒకటే, నోటితో చెప్పినా రెండూ ఒకటే. నేను నొక్కిన అప్‌డేట్ ఆ లేని సున్నాని కొత్తగా తెచ్చిపెట్టింది. నేను ఐదు రోజులుగా శ్రద్ధగా, తప్పు లేకుండా, దాన్నే పెడుతున్నాను.

పరిగెత్తుకెళ్ళి మంచం పక్కన కూలబడ్డాను.

"అన్నయ్యా. ఏ సున్నా? అక్షరం సున్నానా, అంకె సున్నానా?"

ఇటు తిరిగాడు. నన్ను చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు నాకు ఎక్కాలు నేర్పేటప్పుడు, పదిసార్లు తప్పు చెప్పి పదకొండోసారి ఒప్పు చెబితే అలాగే చూసేవాడు. సగం మూతి నవ్వింది. కానీ ఆ మాట అనలేదు. నేను అనొద్దన్నాను కదా.

"అను అన్నయ్యా. నా మీద ఒట్టు. అను."

"సున్నా" అన్నాడు, మెల్లిగా.

ఆరు కాగానే వైర్ తగిలించి, కంట్రోలర్ ఆయన ఎడం చేతికిచ్చాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి. బొటనవేలు కంట్రోలర్ పుల్ల మీద ఆనించాడు. గ కొట్టాను. ఆయన వేలు పుల్లని కిందికి తోసింది, కిందికి, ఇంకా కిందికి, అక్షరాలన్నీ దాటి అంకెల వరసకి. సున్నా మీద ఆగాడు. నేను డ కొట్టాను. మళ్ళీ ఆయన. ఒకసారి వేలు జారి తొమ్మిది పడింది, చూసుకోకుండా పంపేశాం, కలవలేదంది. మళ్ళీ మొదటి నుంచి. తెర మీద వికారంగా, లావుగా, గ0డ0గడిచి0ది.

నారింజ దీపం ఆగింది. తెల్లగా వెలిగింది. ఇద్దరి చేతుల్లోనూ కంట్రోలర్ గుర్రుమని వణికింది.

"ఆటగాడు ఒకటి, స్వాగతం!"

ఏడవడానికి తీరిక లేదు. ఛార్జి పదకొండు, చేతులు కదిపితే అది ఇట్టే పోతుంది. వైర్ పీకేశాను. పీతని అడుగు జరిపితే బెజ్జంలోంచి నీళ్ళు తోసుకొచ్చి తెరంతా బురద కమ్మింది, ఏమీ కనపడటం లేదు. "ఎటన్నయ్యా?" అన్నాను. "సున్నా" అన్నాడు, ఎడమకి చూపిస్తూ. ఆ గట్టు ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. మొదటి సంచి దిగింది. "సున్నా" అన్నాడు, గట్టిగా, అంటే ఇంకా నొక్కమని. నొక్కాను. రెండోది అడ్డం తిరిగింది. తిప్పి పెట్టేసరికి నా నడుం మీద చెమట కారుతోంది. మూడోది పైన వేసి పీత పిడికిలితో గుద్దాను. గుద్దుతూ ఉండగానే తెర మూలలో పది పడింది.

పీత కాళ్ళు ముడుచుకుంది. బురదలోంచి మెల్లిగా విడివడి పైకి లేచింది. కెమెరా కూడా దానితోపాటే లేచింది కాబట్టి కింద సంచులు చిన్నవవుతూ కనిపించాయి, మూడూ ఒకదాని మీద ఒకటి. తర్వాత తెరంతా వెలుతురు, ఆకాశం.

తొమ్మిదింటికి పోటు వచ్చింది. ఆ గంటన్నరా నేను వసారాలోనే ఉన్నాను, ఒక్క చుట్టు కూడా తిరగలేదు. గట్టు అంచుకి జానెడు కిందిదాకా సముద్రం ఎక్కింది. ఇవతల గుంటలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పన్నెండు ఇళ్ళవాళ్ళూ మూటలు పక్కన పెట్టుకుని వాళ్ళ వాళ్ళ వసారాల్లో నిలబడి అదే చూస్తున్నారు. పదిన్నరకి నీళ్ళు తీయడం మొదలైంది. నేను కిందికి దిగి గుంటలో దోసిలి ముంచి తాగాను. తియ్యగా ఉన్నాయి. ఒక గ్లాసు పట్టుకెళ్ళి అన్నయ్యకి తాగించాను.

ఫిరోజాకి ఫోన్ చేసి సున్నాల సంగతి చెప్పాను. మొదటి ఏడాది పెట్టుకున్నవాళ్ళందరికీ ఇవాళే చెప్పాలి అంటూ, సలాం కూడా చెప్పకుండా పెట్టేసింది.

సాయంత్రం మూటలు విప్పుతుంటే పిలుపు వచ్చింది. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. ఫోన్ తీసుకెళ్ళి అన్నయ్య నోటి దగ్గర పెట్టాను.

"నలభై మూడు?" అన్నారు సామ్రాజ్యం గారు.

"సున్నా" అన్నాడు అన్నయ్య.

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు.

"నలభై మూడో వాటా, నాంచారయ్య, సున్నా. రాసుకున్నా."

గండ్లు: 0.